మూడు డబ్బాలూ, ఒక మచ్చా

పోయిన నెల ఇత్తడి సామాను తోమడం గురించి రాశాను, గుర్తుందా? అది చదివిన మా వీధి ఇల్లాలొకావిడ కూరల బండి దగ్గర నన్ను పట్టుకుని, "చెంబులకి చింతపండు సరే, అక్కయ్యగారూ! కారుకి ఏం పట్టించాలో కూడా ఒక వారం రాయండి" అంది. నవ్వేసి వచ్చేశాను. కారు తోమడం మగవాళ్ళ పని అని కాదు, నాకు చేతకాదని.

ఇప్పుడు చేతనవును. ఎలా చేతనయిందో చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే వుంది. కాని మీ దగ్గర నాకు దాపరికం ఏమిటి?

మా ఇంట్లో రెండు కార్లున్నాయి. ఒకటి మావారిది, కొత్తది. దాని జోలికి నేను పోను. రెండోది మా మామయ్యగారిది. ఆయన రిటైరైన ఏడు, 1997లో, వచ్చిన సొమ్ములోంచి కొంత తీసి కొన్న ఎర్ర మారుతీ 800. కంపెనీవారు ఆ బండి తయారీ 2014లోనే ఆపేశారు గాని, మామయ్యగారు దాన్ని తుడవడం ఆపలేదు. రోజూ ఉదయం కాఫీ కాగానే పసుపుపచ్చ గుడ్డ భుజాన వేసుకుని వెళ్ళి, బానెట్ మొదలు డిక్కీ దాకా తుడిచి వస్తారు. ఎనభై దాటి, కళ్ళు మసకబారి, నడపడం మానేసినా ఆ తుడవడం మాత్రం మానలేదు. నాకు డ్రైవింగు నేర్పింది కూడా ఆయనే, ఆ బండి మీదనే. నేను గేరు మార్చబోయి హారన్ మోగించినా, "పరవాలేదమ్మాయ్, దానికి అలవాటే" అనేవారు.

ఈమధ్య మా ఆడపడుచు కూతురి పెళ్ళి కుదిరింది. పెళ్ళి మా ఊళ్ళోనే. రాత్రి భోజనాల దగ్గర మామయ్యగారు, "మనవరాలు పెళ్ళికూతురై నా బండిలో మండపానికి వెళితే బాగుంటుంది" అన్నారు. ఆయన నోరు విప్పి ఒకటి కావాలని అడగడం నేనెరిగి అదే మొదలు.

మావారు తల ఎత్తకుండానే, "దాన్ని చూస్తే మగపెళ్ళివారు నవ్వుతారు, నాన్నగారూ. పెళ్ళయిపోగానే ఎక్స్ఛేంజికి ఇచ్చేద్దాం అనుకుంటున్నాను" అన్నారు.

మామయ్యగారు మజ్జిగ కలుపుకుని తినేసి లేచిపోయారు. ఆ మౌనం నాకు నచ్చలేదు.

మావారన్నదీ అబద్ధం కాదు. మేముండే పెదవాల్తేరుకి సముద్రం దగ్గర. ఉప్పుగాలి, ఎండ, బోరు నీళ్ళ తెల్లమరకలు, పైనుంచి కాకుల ఆశీర్వచనాలు. 2008లో ఒకసారి షెడ్డులో మళ్ళీ రంగు వేయించిన బండి, ఇప్పుడు ఎరుపో గులాబీయో తెలియని పాలిపోయిన రంగులో వుంది. పెళ్ళి ఇంకా పది రోజులుంది. నేనే మెరిపిస్తే సరి అనుకున్నాను.

మెయిన్ రోడ్డు మీద కొట్టుకి వెళ్ళి, "కారు పాలిష్ ఇవ్వు బాబూ" అన్నాను. ఆ కుర్రాడు మూడు డబ్బాలు పెట్టాడు. "ఏది పాలిష్?" అంటే, "మూడూ పాలిషేనండి" అన్నాడు. ఒకటి మంచిదయితే మూడు ఇంకా మంచివి కదా! మూడూ కొనేశాను.

ఆదివారం పదకొండు గంటలకి, మావారు సంతకి వెళ్ళిన సమయం చూసి, పోర్టికోలోంచి బండిని ఎండలోకి తీసి పని మొదలెట్టాను. గిన్నెలు తోమే సబ్బునీళ్ళతో కడిగాను. మొదటి డబ్బాలోది గరుగ్గా, పళ్ళపొడి తడిపినట్టు వుంది. గిన్నె అడుగు మాడు వదిలించినట్టు బలంగా రుద్దాను. గుడ్డ చూసుకుంటే ఎర్రగా వుంది! గుండె గుభేలుమంది. రంగంతా వూడిపోతోందేమోనని భయపడి, ఆ భయంలో ఇంకా గట్టిగా రుద్దాను. బానెట్ అంచు దగ్గర బొటనవేలి గోరంత మేర ఎరుపు పోయి, కింది బూడిదరంగు బయటపడింది.

దాన్ని కప్పేద్దామని రెండో డబ్బాలోని మైనం దోసెకి వెన్న రాసినట్టు దట్టంగా పట్టించాను. ఎండకి అది ఐదు నిమిషాల్లో పెచ్చులా బిగిసిపోయింది. ఎంత తుడిచినా రాదు. సరే, మూడోది నీళ్ళలా వుంది కదా, దీన్ని కరిగిస్తుందేమోనని దాని మీద అదీ పోశాను. చివరికి బండి సగం సున్నం కొట్టిన గోడలా తయారైంది. నల్ల ప్లాస్టిక్ బంపరు తెల్లగా చారలు దేరింది.

మా వీధి చివర రంగుల షెడ్డు మేస్త్రీ వున్నాడు. ఆ పూట ఆయన సైకిలు మీద పోతూ నన్నూ బండినీ చూసి దిగాడు. మూడు డబ్బాలూ తిప్పి తిప్పి చూశాడు.

"అమ్మగారూ, మీరు ముందు ముగ్గు పెట్టి, ఆ తరవాత వాకిలి వూడ్చారు" అన్నాడు.

ఈ ఒక్క మాటతో నాకు సగం బోధపడింది. మిగిలిన సగం ఆయన చెప్పిందీ, ఆ తరవాత నేను చదివి, చేసి తెలుసుకున్నదీ కలిపి మీకు చెబుతాను.

కొట్లో అందరూ పాలిష్ అనే ఆ మూడింటి పనులు మూడు. కాంపౌండు, పాలిష్ అనేవి అరగదీసేవి. కాంపౌండు ముతక, పాలిష్ సన్నం. రెండూ రంగు పైపొరని కొంచెం గీకి, గీతల్నీ, ఎండకి చచ్చిన రంగునీ తీసేస్తాయి. వాక్స్ అంటే మైనం. అది దేన్నీ తీయదు, పైన పల్చని తెరలా పరుచుకుని కాపలా కాస్తుంది. సీలెంట్ అనేది కూడా కాపలాదే. చెట్టు మైనం బదులు మనిషి చేసిన పాలిమర్లతో తయారవుతుంది. కొన్ని డబ్బాల మీద 'క్లీనర్ వాక్స్' అని వుంటుంది. అందులో మైనంతో పాటు కాస్త అరగదీసే మందూ వుంటుంది. కాబట్టి డబ్బా మీది మెరిసే బొమ్మ కాకుండా వెనకాల సన్నక్షరాలు చదవండి. ఇది తీసేదా, వేసేదా? ముందు ఆ ఒక్క ప్రశ్నకి జవాబు వెతకండి.

గుడ్డ ఎర్రబడిన సంగతి. ఈనాటి కార్లకి రంగు మీద రంగులేని పారదర్శకమైన పొర ఒకటి వుంటుంది. దాన్ని క్లియర్ కోటు అంటారు. సుమారు 40, 50 మైక్రాన్ల మందం. సాధారణంగా మన తలవెంట్రుక దానికంటే లావు. ఆ కార్లని పాలిష్ చేస్తే గుడ్డకి రంగు అంటకూడదు. అంటితే పొర అరిగిపోయిందని అర్థం, వెంటనే ఆపెయ్యాలి. మా బండికి 2008లో వేసింది పై పొర లేని ఒంటి రంగు. దానికి గుడ్డ ఎర్రబడడం సహజమే. ఎండకి చచ్చిన రంగే అలా వస్తుంది. నేను భయపడవలసింది గుడ్డని చూసి కాదు, అంచుని చూసి. అంచుల దగ్గరా, మడతల దగ్గరా రంగు పల్చగా వుంటుంది, మన చేతి ఒత్తిడి అక్కడే ఎక్కువ పడుతుంది. "మైనం పోతే మళ్ళీ వేసుకోవచ్చు. రంగు పోతే మొలవదమ్మా" అన్నాడు మేస్త్రీ.

తీసేది కొంచెంగా, వేసేది పల్చగా. ఈ ముక్క గోడ మీద రాసి పెట్టుకోండి.

బిగిసిపోయిన పెచ్చుని ఎలా వదిలించాడో చూడండి. బండిని నీడలోకి తోయించి, రేకు చల్లబడ్డాక, ఆ పెచ్చు మీదే ఇంకాస్త కొత్త మైనం రాసి, ఆరనివ్వకుండా తుడిచేశాడు. పాతదీ కొత్తదీ కలిసి వచ్చేశాయి! కొత్త మైనంలో వుండే ద్రావకాలు పాత మైనాన్ని మెత్తబరుస్తాయట. బంపరు చారల్ని మా అబ్బాయి పెన్సిల్ రబ్బరుతో తుడిచాను. చాలా మటుకు పోయాయి. ఇకముందు మైనం పెట్టే ముందు ప్లాస్టిక్ భాగాలకి కాగితం టేపు అంటించమన్నాడు.

ఈ డబ్బాలోని మైనం ఎక్కడిదో తెలిస్తే మీకూ ముచ్చటేస్తుంది. పేరు కార్నాబా. ఈశాన్య బ్రెజిల్‌లో ఒక జాతి తాటిచెట్టు వుంది. ఎండాకాలంలో ఆకుల్లోని నీరు ఆవిరై పోకుండా ఆ చెట్టు వాటి మీద మైనం పూత పూసుకుంటుంది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపి, రాలిన పొడిని కరిగిస్తే కార్నాబా. మన తేనెతుట్టె మైనం 60 డిగ్రీలు దాటగానే కరిగితే, ఇది 80 దాటాకగాని కరగదు. పిల్లలు చప్పరించే రంగు బిళ్ళల మీది నిగనిగకీ దీన్ని వాడతారు. శుద్ధమైన కార్నాబా ఇటుకలా గట్టిగా వుంటుంది. దాన్ని మనం రాసుకునేలా మెత్తగా చెయ్యాలంటే నూనెలూ, ద్రావకాలూ కలపాలి. అందుచేత డబ్బా మీద 'నూరు శాతం కార్నాబా' అని వుంటే, డబ్బా నిండా అదేనని కాదు; అందులో వాడిన మైనం కార్నాబా అని మాత్రమే.

మరి కొత్తవాళ్ళు ఏది కొనాలి? కార్నాబాది రాయడం తేలిక, తప్పు చేసినా తుడిచేసుకోవచ్చు, ముదురు రంగుల మీద నిండైన మెరుపు ఇస్తుంది. కాని నెలా రెండు నెలలకి పోతుంది. మన ఎండలకి ఇంకా ముందే పోవచ్చు. సీలెంట్ మెరుపు కాస్త అద్దంలాగా వుంటుంది, సాధారణంగా నాలుగైదు నెలలు నిలుస్తుంది. తెల్లకార్లూ, వెండి రంగు కార్లూ వున్నవాళ్ళకి అదొక్కటీ చాలు. ఇక సిరామిక్ కోటింగ్ అని కొత్తగా వినిపిస్తోంది. మన్నిక ఎక్కువే. కాని రంగుని ముందుగా బాగా సిద్ధం చెయ్యాలి, చారలు పడి గట్టిపడితే పాలిష్ పెట్టి అరగదీస్తే తప్ప పోవు. పోర్టికోలో మొదటిసారి చేసుకునే పని కాదది.

రెండూ వేద్దామనుకుంటే వరస ముఖ్యం. ముందు సీలెంట్, పైన మైనం. సీలెంట్ శుభ్రమైన రంగునే పట్టుకుంటుంది. మధ్యలో మైనం జిడ్డు వుంటే అంటుకోదు. నేను చేసింది సరిగ్గా ఆ తప్పే.

బుధవారం సాయంత్రం మేస్త్రీ చెప్పిన వరసన మళ్ళీ మొదలెట్టాను. రెండు బాల్టీలు: ఒకదాంట్లో కారు షాంపూ నీళ్ళు, రెండోదాంట్లో మామూలు నీళ్ళు. గుడ్డని కారు మీద రాసిన ప్రతిసారీ ముందు మంచినీళ్ళలో జాడించి, ఆ తరవాతే షాంపూలో ముంచాలి. ఇసుకంతా ఒక బాల్టీలోనే ఉండిపోతుంది. పై నుంచి కిందికి కడగాలి, టాపు ముందు, చక్రాల దగ్గర చివర. గిన్నెల సబ్బు పాత మైనాన్ని ఊడ్చేస్తుంది గనక కొత్తగా వేసే ముందు ఒకసారి వాడినా ఫరవాలేదు గాని, వారం వారం వాడితే వేసిన మైనం మిగలదు. బోరు నీళ్ళయితే చుక్కలు ఆరకముందే తుడిచెయ్యాలి.

కడిగాక ఒక పరీక్ష వుంది. చేతికి పల్చని ప్లాస్టిక్ సంచీ తొడుక్కుని రేకు మీద నెమ్మదిగా రాయండి. వట్టి చేతికి నున్నగా తగిలినచోటే గరుకు తెలుస్తుంది. అది రంగులో దిగబడిన దుమ్మూ, ఇనపరజనూ. దానికి క్లే అని బంకమట్టి ముద్దలాంటిది దొరుకుతుంది. షాంపూ నీళ్ళు ధారాళంగా చల్లి, వత్తకుండా జరిపితే ఆ రజనంతా ముద్దకి అంటుకుంటుంది. ముద్ద నేల మీద పడితే మాత్రం పారెయ్యాలి. మళ్ళీ వాడితే ఇసుక కాగితమే.

తరవాత సన్నపాటి పాలిష్, చేత్తో, అంచులు వదిలేసి. పాలిపోయిన గులాబీ పోయి అసలు ఎరుపు బయటపడింది. అప్పుడు మేస్త్రీ తన ఫోను దీపం వెలిగించి బానెట్ మీదకి పట్టాడు. ఆ వెలుగు చుట్టూ సాలెగూడులా వందల సన్నగీతలు, గుండ్రంగా.

"ఇవి రోజూ పొడిగుడ్డతో తుడిచిన గీతలమ్మా. రాత్రి పడిన ఇసుక రేణువులు గుడ్డ కింద నలిగి గీస్తాయి. అపార్టుమెంట్లలో ఒకే బాల్టీతో పది కార్లు తుడుస్తారే, అక్కడా ఇదే కథ. లోతువి అలా వుంచెయ్యండి, అన్నీ తియ్యబోతే రంగు మిగలదు" అన్నాడు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో మామయ్యగారు. అంతా విన్నారు.

ఆ రాత్రి సీలెంట్ పల్చగా పట్టించి, తుడిచి, తెల్లారేదాకా ఆరనిద్దామని వదిలేశాను. చెయ్యి కడుక్కుంటుంటే మామయ్యగారు వరండా కుర్చీలోంచి, "అమ్మాయ్, ఇరవై ఎనిమిదేళ్ళూ నేనే దాన్ని పాడు చేశానన్నమాట" అన్నారు.

నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. "మీరు రోజూ దాని దగ్గరకి వెళ్ళకపోతే, మామయ్యగారూ, ఈ ఉప్పుగాలికి ఏ మూల తుప్పు పట్టిందో చూసేవాళ్ళే లేక ఎప్పుడో పాత ఇనుముకి పోయేది. గీతలంటారా, తడిపి తుడిస్తే సరి. ఆ సంగతి మనకి ఎవరు చెప్పారు గనక?" అన్నాను.

ఆయన మాట్లాడలేదు. మర్నాడు ఉదయం మాత్రం పసుపుగుడ్డ వంటింటి మసిగుడ్డల్లో చేరింది.

గురువారం సాయంత్రం మైనం. రేకు చల్లగా వుందో లేదో చేతి వెనక్కి ఆనించి చూశాను. స్పాంజి మీద వేలికొస అంత తీసుకుని, పొగమంచు పట్టినట్టు కనబడీ కనబడనంత పల్చగా రాశాను. కాసేపాగి వేలితో గీసి చూడాలి. వేలి కింద మరక లేకుండా తేటగా వస్తే ఆరినట్టు. అప్పుడు మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచాను. చిన్నపిల్ల ముఖం తుడిచినంత తేలిగ్గా వచ్చేసింది. శుక్రవారం రెండో పూత వేశాను. అది మందం కోసం కాదు, మొదటిసారి వదిలేసిన చోట్లు నిండడానికి. మూడోది వద్దన్నాడు మేస్త్రీ. మొన్న పెచ్చు వదిలిన రహస్యం గుర్తుంది కదా? కొత్త పూత పాత పూతని కొంత కరిగించుకుంటూనే కూర్చుంటుంది. పది పొరలు వేసినా పది పొరల మందం రాదు. డబ్బా ఖాళీ అవుతుంది, చెయ్యి పీకుతుంది.

అంత చేసినా బానెట్ అంచున ఆ బూడిదరంగు మచ్చ అలాగే వుంది. ఏ మైనమూ దాన్ని కప్పలేదు. మేస్త్రీ కొంచెం రంగు అద్దాడు గాని, తెలిసినవాళ్ళకి తెలుస్తూనే వుంటుంది.

పెళ్ళినాడు బానెట్ మీద బంతిపూల దండ వేశాం. మచ్చ దండ కిందకి వచ్చేలా నేనే సర్దాను. పెళ్ళికూతురు ఎర్ర బండి దిగుతుంటే మగపెళ్ళివారిలో ఒక పెద్దాయన నవ్వాడు. మావారి ముఖం మాడబోయింది. ఆయన మాత్రం బండి చుట్టూ తిరిగి వచ్చి, "నా మొదటి కారు ఇదేనండీ. అమ్మేసి ఇప్పటికీ ఏడుస్తున్నాను" అన్నాడు. మావారు ఎక్స్ఛేంజి మాట ఆ తరవాత ఎత్తలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

దండ వాడాక తీసేస్తూ మామయ్యగారు బానెట్ మీద అరచేత్తో నిమిరారు. కళ్ళు మసకబారినా ఆ చేతికి అన్నీ తెలుసు. అంచు దగ్గర వేలు ఆగింది. దొరికిపోయాను.

"ఇదేమిటమ్మాయ్?"

"నా నిర్వాకమే మామయ్యగారూ. మొదటి రోజు గట్టిగా రుద్దేశాను."

ఆయన కాసేపు ఆ మచ్చని తడిమి, నవ్వారు. "పరవాలేదులే. నీది ఒక్క మచ్చ. నావి వెయ్యి గీతలు. దానికి అలవాటే" అన్నారు.

పోయిన ఆదివారం ఉదయం వాకిట్లో చప్పుడయితే కిటికీలోంచి చూశాను. మామయ్యగారు కుర్చీలో కూర్చుని పురమాయిస్తున్నారు. మావారు పంచె ఎగగట్టి కొత్త కారు కడుగుతున్నారు. నన్ను చూసి, "ఏమోయ్, ఆ రెండో బాల్టీ ఎక్కడ పెట్టావు?" అని అడిగారు.